చట్రం బయటి ఇల్లు

బడి టీచరమ్మ యోరున్ పోయిన రోజు పొద్దున రాగ్నా తన అత్తగారి చిన్న ఇంట్లో కిటికీ చెక్కకు రెండో పూత వేస్తోంది. ఏప్రిల్ నెల. పొలాల మీద మంచు అక్కడక్కడా మచ్చలుగా మిగిలింది. కరిగిన నీళ్ళు ప్రతి గుంటలోంచీ వాగులోకి దిగుతున్నాయి. అత్తగారు గుద్రున్ రాతిగుట్ట మీదున్న పెద్దింటి గుమ్మంలోకి వచ్చి కేకేసింది.

"రాగ్నా! ఆ రంగు ఎక్కడికీ పారిపోదు గానీ, వచ్చి బంగాళాదుంపలు పొయ్యి మీద పడెయ్. ఐలిఫ్ వచ్చే వేళయింది. ఒక్క కిటికీకి ఎంతసేపే?"

"వస్తున్నా అత్తయ్యా."

కుంచె ఆరిపోకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి డబ్బా మూత మీద పెట్టింది. భోజనాలు కాగానే మళ్ళీ రావాలనే అనుకుంది. గట్టు ఎక్కి వంటగదిలోకి వెళ్ళి, దుంపలు తొక్కతోనే కడిగి, గిన్నెలో వేసి, నీళ్ళూ ఉప్పూ వేసి, మూత పెట్టి పొయ్యి వెలిగించింది. వెనక గుద్రున్ కంచాలు తీస్తోంది. మూత టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. మంట తగ్గిద్దామని చెయ్యి చాచిన రాగ్నాకు గిన్నె ఇంకా చల్లగానే తగిలింది.

ఆమె తలెత్తి కిటికీలోంచి చూసింది. భర్త ఐలిఫ్ పోయినేడు కట్టిన ట్రాక్టర్ల షెడ్డు, అలిసిన మనిషి కూర్చున్నట్టు, మెల్లగా కిందికి కుంగింది. ఆ తర్వాత కనబడలేదు. పెద్ద చప్పుడేమీ రాలేదు, ఎక్కడో లారీ కంకర దింపుతున్నట్టు ఉంది, అంతే. అత్తగారి చిన్న ఇల్లు నిలువునా అలాగే కదిలింది. కొత్తగా తెల్ల రంగు వేసిన పక్క ఇటు తిరిగింది, తర్వాత రంగు వెయ్యని పాత పసుపు పక్క తిరిగింది, తర్వాత రెండూ లేవు. బర్చ్ చెట్లు నిలబడినవి నిలబడినట్టే వాగు వెంట వెళ్ళిపోతున్నాయి.

రాగ్నా వెనక్కి తిరిగింది. గుద్రున్ అక్కడే ఉంది, చేతిలో మూడు కంచాలతో.

అమ్మయ్య, అనుకుంది రాగ్నా. మనసులో పుట్టిన మొదటి మాట అదే. మళ్ళీ కిటికీ వైపు తిరిగినప్పుడే ఆమె చూపు ఆ బూడిదరంగు మన్ను వెంట కిందికి, వాగు మలుపు దాకా వెళ్ళింది. మలుపు దగ్గర యోరున్ ఇల్లు ఉండాలి. ఆ రోజు బడికి సెలవు. టీచరమ్మ ఇంట్లోనే ఉండి ఉంటుంది.

మలుపు దగ్గర బూడిదరంగు తప్ప ఏమీ లేదు.

*

నేల వాలులు నిలబడతాయో లేదో లెక్క కట్టడమే రాగ్నా ఉద్యోగం. పట్నంలో ట్రుల్స్ అనే ఆయన నడిపే చిన్న ఆఫీసులో ఆమెది కిటికీ పక్క బల్ల. ఆ లోయలో నేలంతా ఒకప్పుడు సముద్రపు అడుగు. బంకమన్నులోని ఉప్పును వానలూ ఊటలూ వేల ఏళ్ళుగా కడిగేశాయి. కదపనంతకాలం ఆ మన్ను గట్టిగానే ఉంటుంది. ఒకసారి కదిలిందంటే చిలికిన పెరుగులా పారుతుంది. ఈ సంగతి అక్కడి చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలిసి కూడా అందరూ అక్కడే బార్లీ పండించుకుని, ఇళ్ళు కట్టుకుని బతుకుతారు. మంచి పొలాలన్నీ ఆ మన్ను మీదే ఉన్నాయి మరి.

లెక్క పద్ధతి వినడానికి తేలికే. వాలును నిలువునా కోసినట్టు గీసుకుని, మన్ను ఏ వంపు వెంట జారవచ్చో ఊహించాలి. ఆ వంపు మీది మన్నును నిలువు ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఎంత బరువుతో కిందికి లాగుతోందో, అడుగున మన్ను ఎంత బలంగా పట్టుకుని ఉందో చూడాలి. పట్టును లాగుడుతో భాగిస్తే వచ్చేదే భద్రతా గుణకం. ఒకటి వచ్చిందంటే నేల ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నట్టు. నియమం ఒకటీ పాయింట్ నాలుగు ఉండాలంటుంది. ఒక్క వంపుకు చూస్తే సరిపోదు కాబట్టి కంప్యూటర్ వేల వంపులు ప్రయత్నించి, అన్నిటిలోకీ బలహీనమైనదాన్ని చూపిస్తుంది. కానీ ఎక్కడినుంచి ఎక్కడిదాకా వెతకాలో చట్రం గీసి ఇచ్చేది మనిషే. చట్రం బయట ఏముందని యంత్రం అడగదు.

రెండేళ్ళ కిందట ఐలిఫ్ గట్టు అంచున మట్టి పోసి చదును చేసి షెడ్డు కడతానన్నాడు. మున్సిపాలిటీ నేల లెక్క అడిగింది. "బయటవాళ్ళకెందుకూ, ఇంట్లోనే ఉన్నావుగా. దుగ్నాద్ అనుకో," అన్నాడు రాగ్నాతో. దుగ్నాద్ అంటే ఊరంతా చేతులు కలిపి ఉచితంగా చేసే పని. బడి కంచె బాగుచేసినా, చర్చి పైకప్పు తుడిచినా దుగ్నాదే. ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వరు, చివర అందరూ కాఫీ తాగుతారు. రాగ్నా సాయంత్రాలు వంటగది బల్ల మీదే లెక్క వేసింది. పొయ్యి మీద చేపల సూపు, పక్కన ఇస్త్రీ చెయ్యాల్సిన చొక్కాలు. "ఆ కంప్యూటర్ కొంచెం జరిపితే కంచాలు పెడతా," అని గుద్రున్ రోజూ అనేది. రాగ్నా రోజూ జరిపేది. వేసినన్నిసార్లూ గుణకం ఒకటి దగ్గరే ఆగింది. బలహీనమైన వంపు షెడ్డు అంచునుంచి దిగి, వాగు తన అడుగును తానే కోసుకుంటున్న చోట బయటికి వస్తోంది.

"ఆ గట్టు మీద ఒక్క బండి మట్టి కూడా పోయకూడదు," అంది భోజనాల దగ్గర.

ఐలిఫ్ నవ్వాడు. కోపం లేదు, చెడ్డవాడు కాదు, అదే కష్టం. "మా తాత ఇక్కడే పుట్టాడు, మా నాన్న ఇక్కడే పోయాడు. నీ కంప్యూటర్ పోయిన క్రిస్మస్‌కి వచ్చింది."

"మీ మామయ్య అదే గట్టు మీద ట్రాక్టర్ నడిపాడే పిల్లా. నేల ఆయన్ని మింగిందా?" అంది గుద్రున్. "నువ్వు కొండ ఊళ్ళోంచి వచ్చినదానివి. నీకు మెత్తని నేలంటే భయం. ఉప్పు ఇలా అందుకో."

ట్రుల్స్‌కూ ఐలిఫ్‌కూ ఒకే వేట జట్టు. ఏటా శరదృతువులో ఎల్క్ దుప్పుల వేటకు కలిసి వెళతారు, కలిసి మాంసం పంచుకుంటారు. ఆ అడవిలో ఏం మాట్లాడుకున్నారో గానీ, సోమవారం ట్రుల్స్ ఆమె బల్ల దగ్గరికి వచ్చి మెత్తగా చెప్పాడు. "ఇంటి మనిషి ఇంటి నేలకు లెక్క కట్టకూడదు రాగ్నా. వృత్తిలో అది పద్ధతి కాదు. ఫైల్ నాకు పంపించు, నేను చూస్తాలే. నాకూ దుగ్నాదే."

ఆయన లెక్కలో నియమానికి సరిపడా గుణకం వచ్చింది. రాగ్నా తెర మీద చూసింది. ముక్కలు అవే, మన్ను బలం అదే. చట్రం మాత్రం గట్టు మధ్యలోనే ఆగిపోయింది. వాగు అడుగు దాంట్లో లేదు.

"ఇది వాగు దాకా వెళ్ళాలి కదా?"

"వాగు ఐలిఫ్ పొలం హద్దుకు అవతల. మనల్ని అడిగింది షెడ్డు గురించి. అడిగినదానికి జవాబు చెప్పాం," అన్నాడు. వెళుతూ వెళుతూ ఆగి, "ఇంట్లో గొడవేమైనా ఉంటే ఆఫీసుకు తేకమ్మా," అన్నాడు. ఆ 'అమ్మా' అన్న మాట ఆమె చెవిలో చాలా రోజులు ఉండిపోయింది.

ఆ రాత్రి ఐలిఫ్‌తో మళ్ళీ చెప్పింది. "నువ్వొకటంటావు, మీ బాస్ ఇంకోటంటాడు. నేనెవరి మాట వినాలి?" అన్నాడు. "నా మాట," అంది. అతను కాసేపు ఆమె ముఖంలోకి చూసి, ఆమె భుజం తట్టి, పడుకున్నాడు. మున్సిపాలిటీకి తానే ఫోన్ చేస్తే ఏమవుతుందో రాగ్నా ఆలోచించింది. ఉద్యోగం పోతుంది. ఇంట్లో మాటలు ఆగిపోతాయి. అంతా చేశాక వాళ్ళు ఫోన్ చేసేది మళ్ళీ ట్రుల్స్‌కే. ఆ లోయలో నేల లెక్కలు తెలిసినవాళ్ళు ఆయనా తనూ ఇద్దరే. ఇంటి మనిషి అన్న ఒక్క మాటతో తన లెక్క చిత్తు కాగితమైంది. ఇంక ఏ నోటితో చెప్పాలి?

మట్టి పోసింది కూడా దుగ్నాద్‌లోనే. వేట జట్టు ట్రాక్టర్లతో వచ్చింది. ఆడవాళ్ళు వాఫిల్‌లు కాల్చారు. యోరున్ వాగు మలుపునుంచి మీగడ కేకు మోసుకొచ్చింది. రాగ్నా కప్పులు కడిగింది. ఒక్కో బండి దింపినప్పుడల్లా తెలియకుండానే ఆమె నడుము బిగుసుకునేది.

గట్టు వాలులో, షెడ్డుకు కొంచెం దిగువగా అత్తగారి చిన్న ఇల్లు ఉంది. పొలం కొడుక్కి అప్పజెప్పిన పెద్దవాళ్ళు ఉండే ఇల్లు. చలికాలమంతా నేల గడ్డకట్టి ఉంటుంది కాబట్టి రాగ్నా రాత్రిళ్ళు నిశ్చింతగా నిద్రపోయింది. మంచు కరిగే కాలం దగ్గరపడ్డాక ఒకరోజు పొద్దున్నే లేచి, "అత్తయ్యా, మీ ఇంటికి రంగు వేస్తాను. ఆ వాసనకు మీకు దగ్గు వస్తుంది, అయ్యేదాకా పైన మాతో ఉండండి," అంది. అడిగినదానికన్నా ఎక్కువ చేసే కోడల్ని ఎవరు కాదంటారు? గుద్రున్ దిండు తీసుకుని పెద్దింటికి వచ్చింది. ఆ సంవత్సరం మంచు కరిగిపోయేదాకా రాగ్నా ఆఫీసునుంచి వచ్చి గోకింది, రుద్దింది, పూసింది, మళ్ళీ గోకింది. మరుసటి ఏడు తేమ పట్టిందని చెప్పి మళ్ళీ మొదలుపెట్టింది. లెక్కతో చెయ్యలేకపోయినదాన్ని కుంచెతో చేస్తోంది. ఊళ్ళో అదొక నవ్వులాట అయింది. "చర్చికి కూడా ఇంతకాలం పట్టలేదే," అనేవాడు ఐలిఫ్. "నా కోడలికి చదువు ఎక్కువ, పనితనం తక్కువ," అని గుద్రున్ కాఫీకి వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. రాగ్నా కూడా నవ్వేది. అత్తగారిని పైకి తెచ్చింది గానీ, తను ప్రతిరోజూ ఆ ఇంట్లోనే నిలబడి ఉంటున్నానన్న సంగతి ఆమెకు తట్టనే లేదు.

తట్టింది యోరున్‌కి. పెళ్ళి చేసుకోలేదు, పిల్లలందరికీ అక్షరాలు నేర్పింది, ఏ మాటకైనా కాస్త ఆగి జవాబు చెప్పేది. మార్చిలో ఒకరోజు సాయం చేద్దామని వచ్చి, ఒక తలుపుకు పూత వేసి, కుంచె దించి అడిగింది.

"రాగ్నా, పోయినేడు కూడా ఈ తలుపుకు రంగు వేశావు. బాగానే ఉంది కూడా. నిజం చెప్పు."

రాగ్నా తన కుంచెను డబ్బా అంచుకు తుడిచింది. "ఈ గట్టును నేను నమ్మలేను," అంది చివరికి.

యోరున్ ఎందుకని అడగలేదు. నమ్మింది. ఇంత తేలిగ్గా నమ్ముతారా ఎవరైనా అని రాగ్నాకు ఏడుపొచ్చింది.

"మరి నువ్వెందుకు లోపలున్నావే పిచ్చిదానా?" అంది యోరున్. "పద, మా ఇంటికి పద. కింద చదునుగా ఉంటుంది. కాఫీ తాగుదువు గాని."

ఆ వసంతంలో రాగ్నా తరచుగా అక్కడికే వెళ్ళేది. వాగు మలుపులో, సమతలం మీద, పసుపు పరదాల వంటగదిలో కూర్చుంటే ఆమె నడుము వదులయ్యేది. లోయ మొత్తంలో భయం లేకుండా కాఫీ తాగిన చోటు అదొక్కటే.

*

ఊరి సమావేశ మందిరంలో ఇనుప కుర్చీలు వేశారు. గట్టు చుట్టుపక్కల ఇళ్ళన్నీ ఖాళీ చేయించి అందరినీ అక్కడికి చేర్చారు. ఎవరో దుప్పట్లు తెచ్చారు, ఎవరో రొట్టెలు కోస్తున్నారు. రాగ్నా అలవాటుగా కాఫీ పోస్తోంది. హెలికాప్టర్ చప్పుడు వచ్చినప్పుడల్లా గదిలో మాటలు ఆగుతున్నాయి. యోరున్‌ది ఏమీ దొరకలేదు. మలుపు దగ్గర మన్ను ఇంకా మెత్తగానే ఉంది, మనుషులు దాని మీద నడవలేకపోతున్నారు.

"అదృష్టం రాగ్నా," అన్నాడు ఐలిఫ్. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నీకు రంగు వెయ్యడం రాకపోవడం మా అమ్మ అదృష్టం. త్వరగా చేసే మనిషివైతే అమ్మ ఆ ఇంట్లోనే ఉండేది."

రాగ్నా అతని వైపు చూసింది.

అప్పుడే ట్రుల్స్ వచ్చాడు, వేట కోటులోనే. ఇద్దరినీ గోడవారకు పిలిచాడు. గొంతు తగ్గించాడు. "రాజధానినుంచి నేల శాఖవాళ్ళు వస్తున్నారు. ఏమడిగినా తొందరపడొద్దు. చట్రం కొంచెం చిన్నదైంది, అంతే. ఎవరికైనా జరిగే పొరపాటు. ఆఫీసు నిన్ను వదిలెయ్యదు రాగ్నా, నాది పూచీ."

"నన్ను వదిలెయ్యడమేమిటి?" అంది.

ట్రుల్స్ ఐలిఫ్ వైపు చూశాడు. ఐలిఫ్ నేల వైపు చూశాడు.

"ఫైల్ మొదలుపెట్టింది నువ్వే కదా," అన్నాడు ఐలిఫ్. "నీ పేరు మీదే ఉంది. అలాగే మున్సిపాలిటీకి వెళ్ళింది. దుగ్నాద్ పనికి మళ్ళీ ఎవరు పేరు మారుస్తారు? నీకు తెలుసనే అనుకున్నాను."

రాగ్నా చేతిలో కాఫీ కూజా ఉంది. దాన్ని ఎక్కడైనా పెట్టాలని అనిపించింది గానీ బల్ల ఎటువైపుందో గుర్తు రాలేదు. ఇంటి మనిషివి, నీ లెక్క పనికిరాదు అన్నారు. నిజమే అనుకుని ఊరుకుంది. ట్రుల్స్ తన సొంత పేరుతోనే సంతకం పెట్టి ఉంటాడనుకుంది. రెండేళ్ళు, రెండు వసంతాలు, ఆ తప్పుడు గుణకం పక్కన తన పేరే కూర్చుని ఉంది. తను గోకుతున్నప్పుడు, రుద్దుతున్నప్పుడు, నవ్వుతున్నవాళ్ళకు కాఫీ పోస్తున్నప్పుడు కూడా. ఈ ఇంట్లో, ఈ ఆఫీసులో తను చేసిన పని దేనికీ ఎవరూ తన పేరు పెట్టలేదు. తను చెయ్యనిదానికి పెట్టారు.

"రాగ్నా."

గుద్రున్. దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చుని ఉంది. ఎంతసేపటినుంచి వింటోందో. ముసలావిడ ముఖం ఎన్నడూ లేనంత చిన్నదిగా ఉంది.

"నువ్వు కావాలనే ఆలస్యం చేశావు కదూ. రెండేళ్ళూ."

రాగ్నా తల ఊపింది.

గుద్రున్ కోడలి చేతిని అందుకుని గోళ్ళ మధ్య ఎండిన తెల్ల రంగును బొటనవేలితో రుద్దింది. ఆ చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. నిజంగా తెలుసుకోవాలనుకునే గొంతుతో, ఏ కోపమూ లేకుండా అడిగింది.

"మరి యోరున్ ఇంటికి ఎందుకు రంగు వెయ్యలేదే తల్లీ?"

గదిలో ఎవరో చెంచా కింద పడేశారు. జవాబు రాగ్నాకు తెలుసు, ఆ క్షణమే తెలిసింది. ఎక్కడ తెగుతుందో లెక్క కట్టింది. తెగిన మన్ను ఎక్కడిదాకా పారుతుందో కట్టలేదు. ట్రుల్స్ చట్రం గట్టు మధ్యలో ఆగింది. తన చట్రం వాగు అడుగున ఆగింది. ఆ తర్వాత ఇంకా చిన్నదైంది. ఒక ముసలావిడ, ఒక దిండు, పై గది దాకా కుంచించుకుపోయింది. గొంతు లేనప్పుడు మనిషి తన చేతికి అందినంత మేరకే కాపాడుకుంటుంది. చేతికి అందినది ఇల్లు. తనను నమ్మిన ఒక్క మనిషి ఆ ఇంటి బయట ఉంది.

నేల శాఖ నుంచి వచ్చినావిడ పొట్టిగా, బురద బూట్లతో ఉంది. పేరు చెప్పుకుని, బల్ల మీద కంప్యూటర్ తెరిచి, గదిలో ఉన్నవాళ్ళను అడిగింది. "ఈ షెడ్డుకు లెక్క కట్టినది ఎవరు?"

ట్రుల్స్ రాగ్నా వైపు చూశాడు. ఐలిఫ్ కూడా చూశాడు. రాగ్నా కాఫీ కూజాను ఐలిఫ్ చేతిలో పెట్టింది. పెళ్ళయ్యాక అతను ఆ మందిరంలో కూజా పట్టుకోవడం ఎవరూ చూడలేదు.

"రెండు లెక్కలున్నాయి," అంది. "నాది ఒకటి దగ్గర ఆగింది. ఆ రోజే ఇంట్లో చెప్పాను, ఆఫీసులో చెప్పాను. మీ దగ్గరున్నది నాది కాదు. చట్రం ఎవరు జరిపారో ఆయన ఇక్కడే ఉన్నారు. నా పేరు దాని మీదినుంచి తీసెయ్యండి. నా లెక్క మీద పెట్టండి."

"రాగ్నా, ఇది సమయం కాదు..." అన్నాడు ట్రుల్స్.

"కూర్చోవయ్యా," అంది గుద్రున్ కుర్చీలోంచి. "అమ్మాయిని మాట్లాడనీ."

వచ్చినావిడ రాగ్నాకు పక్కన కుర్చీ చూపించి కూర్చోమంది. ఇద్దరూ తెర వైపు వంగారు. వెనక ఐలిఫ్ కూజా పట్టుకుని, ఎవరికి పోయాలో తెలియక నిలబడి ఉన్నాడు. రాగ్నా పాత లెక్క తెరిచింది. గట్టు, షెడ్డు, వాగు అడుగు, ముక్కలు ముక్కలుగా ఆ వంపు. అన్నీ ఉన్నాయి. తర్వాత లోయ పటం తెరిచి, మలుపు దగ్గర వేలు పెట్టింది.

"ఇక్కడ ఒక టీచరు ఉండేది," అంది.

వేలు ఇంకా కిందికి జరిపింది. మలుపు దాటాక వాగు బడి ఆటస్థలం పక్కనుంచి పారుతుంది. దాని తర్వాత మరికొన్ని ఇళ్ళు. ఎగువన గట్టు ఇంకా సగం అలాగే నిలబడి ఉంది. అది తెగితే మన్ను ఎంతదూరం వస్తుందో ఇంతవరకు ఎవరూ లెక్క కట్టలేదు.